పరశురాములు ఫోన్

సెలవు మీద వచ్చిన కొండల్ వీసా గడువు ముగిసేలోగా, రేపు అర్ధరాత్రి లోపల రియాద్‌లో దిగాలి. దిగి పాస్‌పోర్టు మీద ముద్ర వేయించుకుంటే ఉద్యోగం ఉంటుంది, ఏడేళ్ళుగా కంపెనీ దగ్గర జమ అవుతున్న హిసాబు పైకం ఉంటుంది. దిగకపోతే రెండూ ఉండవు. డిటెక్టివ్ సదానందం ఈ కేసును అట్లాగే తూకం వేసుకున్నాడు: ఒక పళ్ళెంలో మనిషి బతుకు, రెండో పళ్ళెంలో ఒక రోజు. ముల్లు ఎటు పోతుందో చెప్పడానికి ఇరవై ఏళ్ళు ఆదిలాబాద్ మార్కెట్లో పత్తి అడ్తి దుకాణం నడిపిన అనుభవం అక్కర్లేదు.

ఆ ఇరవై ఏళ్ళూ అతను చేసిన పని ఒక్కటే. బండిలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, పైన ఆరిన పత్తి పరిచి కింద తడి పత్తి పెట్టినవాణ్ణి పట్టుకోవడం. తరవాత దుకాణం మూసి, మనుషుల్లో చెయ్యి దూర్చే ఈ వ్యాపారం పెట్టాడు. లాభం తక్కువ. శత్రువులు మాత్రం రెట్టింపయ్యారు.

బోథ్ దగ్గరి ఒక ఊళ్ళో, తల్లి బాలవ్వ ఇంటి వసారాలో, కొండల్ అతనికి ఎదురుగా కూర్చున్నాడు. పక్కనే తాడు బిగించిన అట్టపెట్టె. దాని నాలుగు పక్కలా నల్ల మార్కరుతో కొండల్ పేరు, ఊరు, ఫోన్ నంబరు. పెట్టె ప్రయాణానికి తయారుగా ఉంది. టికెట్టే లేదు.

"మెయిల్ ఎప్పుడొచ్చింది?"

"ఐతారం పొద్దుగాల సార్."

"నువ్వెప్పుడు నొక్కినవ్?"

"ఎంటనే."

"జర ఆగి సోచాయించద్దా?"

"విమానం కంపెనోళ్ల బొమ్మ ఉన్నది సార్. నా పేరున్నది, టికెట్ నంబరున్నది, పెట్టె ఎన్ని కిలోలో గుడ రాసిండ్రు. విమానం టైం మారింది, ఒప్పుకుంటే గీడ నొక్కు, లేకుంటే టికెట్ రద్దయితది అన్నరు. భయమైంది. నొక్కిన. ఫోన్‌కు నంబరొచ్చింది, కొట్టిన. బ్యాంకు నంబరడిగిండ్రు, అదీ కొట్టిన."

"తర్వాత?"

"తర్వాతేముంది సార్. అసలు టికెట్ ఖతం. బ్యాంకుల ఉన్నది ఖతం."

"విమానం కంపెనీకి ఫోన్ జేసినవా?"

"జేసిన. నువ్వే రద్దు చేసుకున్నవ్ అన్నరు. నేను జెయ్యలే అంటే, నంబరు నీ ఫోన్‌కే వచ్చింది గద అన్నరు. జర ఆగుమని పాటవెట్టిండ్రు. పాట ఇనుకుంట కూసున్న. బ్యాలెన్స్ అయిపోయింది."

కొండల్ నవ్వబోయాడు. నవ్వు రాలేదు. రేపటి విమానాల్లో సీట్లన్నీ నిండిపోయాయని సదానందం పొద్దున్నే కనుక్కున్నాడు. అప్పు తెచ్చి రెట్టింపు ఇచ్చినా దొరికేది లేదు.

ఇట్లాంటి మెయిలుకు దొరికినవాళ్ళు ఆ చుట్టుపక్కల తొమ్మిది మంది. ఎనిమిది మందికి టికెట్లు అమ్మింది కరీంనగర్‌లో ట్రావెల్స్ నడిపే జలాలుద్దీన్. అందుకే నిన్న అతణ్ణి అరెస్టు చేశారు. ఈ పొద్దున సదానందం స్టేషన్లో అతణ్ణి చూసి వచ్చాడు. జలాలుద్దీన్ బల్లకు అవతల కూర్చుని, తాగని చాయ్ వంక చూస్తూ మాట్లాడాడు.

"సదానందం సేట్, నా దగ్గర టికెట్ కొన్నోడు రెండేండ్లకు మళ్ల సెలవుల మీద వస్తడు. మళ్ల నా దుకాన్‌కే రావాలె. గసొంటోన్ని ముంచి నేనేం తిని బతకాలె? నువ్వు గుడ దుకాన్ నడిపినోనివే. చెప్పు."

"నీ కంప్యూటర్ ఇంకెవరన్న ముట్టుకుంటరా?"

"నా బేగం గుడ ముట్టది. ముట్టినా దానికి ఏం తెల్వది. నాకే సగం తెల్వది."

సదానందం అతని మాట నమ్మాడు. తడి పత్తి వాసన రాలేదు. పైగా తొమ్మిదో మనిషి బాలమల్లు తన టికెట్ నిర్మల్‌లో కొన్నాడు. జలాలుద్దీన్ దొంగైతే బాలమల్లు ఎట్లా మునిగాడు? ఆ ఒక్క గింజ చేతిలో పెట్టుకునే ఇంత దూరం వచ్చాడు.

వాకిట్లో జీపు ఆగింది. దిగింది కరీంనగర్ సైబర్ క్రైమ్ ఎస్సై కరుణాకర్. జలాలుద్దీన్‌ను పట్టుకెళ్ళింది అతనే. ముప్పై దాటలేదు, ఇంజనీరింగ్ చదివాడు, మాట పదును.

"సదానందం గారూ, మీరు నా కన్నా ముందే వచ్చిండ్రు. పత్తి బండ్ల చెయ్యి పెట్టినట్టు గీడ గుడ పెడుతున్నరా?"

"పెట్టిన సార్. తడి తగుల్తున్నది."

"జర పైలం. కరెంటు తీగ గుడ ఉంటది."

"జలాల్ భాయ్‌ని ఇడిచిపెట్టుండ్రి. ఆయన చెయ్యలే."

"తొమ్మిదిట్ల ఎనిమిది ఆయన దుకాన్ టికెట్లు. మీ లెక్కల ఎనిమిదికి విలువ లేదా?"

"ఉన్నది. కానీ నా అడ్తిల లెక్క కలవని బస్తాను పక్కకు వెట్టి, మిగిలినయే అమ్ముకునుడు లేదు సార్. తొమ్మిదోదాన్ని గుడ తూకం వెయ్యాలె."

కరుణాకర్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కోపం వచ్చిందే కానీ లేచిపోలేదు. బాలమల్లు సంగతి అతన్నీ నిద్రపోనివ్వలేదని సదానందానికి అర్థమైంది. లేకపోతే కరీంనగర్ నుంచి ఇంత దూరం ఎందుకు వస్తాడు?

సదానందం కొండల్ వైపు తిరిగాడు. "నువ్వు, బాలమల్లు, కడమ ఏడుగురు. మీ అందరికి కలిసిందేంది? ఒక్క ఊరు గాదు, ఒక్క దుకాన్ గాదు, ఒక్క దేశం గాదు."

"ఏం లేదు సార్. సామాన్ల గ్రూపొక్కటే."

"ఏం గ్రూపు?"

కొండల్ చెప్పాడు. బోథ్ చుట్టుపక్కల ఊళ్ళ నుంచి గల్ఫ్‌లో ఉన్నవాళ్ళు, వాళ్ళ ఇంటివాళ్ళు కలిసి పెట్టుకున్న వాట్సాప్ గ్రూపు. ఎవరైనా బయల్దేరుతుంటే గ్రూపులో చెబుతారు. అటు ఉన్న కొడుకుకు పచ్చడి, మొగుడికి షుగర్ గోలీలు, తమ్ముడికి బీడీ కట్టలు, అన్నీ పోయేవాడి పెట్టెలో సర్దుతారు.

"టికెట్ సంగతి ఎట్ల తెలుస్తది వాళ్లకు?"

"ఫోటో వెడ్తం సార్. మునుపు ఒకాయన పోతున్న పోతున్న అని పది ఇండ్ల పచ్చళ్లు తీసుకొని, పోనే పోలే. అన్నీ ఆయనే తిన్నడు. అప్పటి నుంచి టికెట్ పెట్టందే ఎవ్వరు సామాన్ ఇయ్యరు. తారీకు చూస్తరు, కిలోలు చూస్తరు, గప్పుడు తెస్తరు."

సదానందం, కరుణాకర్ ఒకరినొకరు చూసుకున్నారు. టికెట్ మీద పేరు, నంబరు, విమానం వేళ, పెట్టె బరువు, మెయిల్ చిరునామా. దొంగకు కావలసిన సరుకంతా ఒకే కాగితం మీద ఉంది. దాన్ని తొమ్మిది మందీ తామే బజార్లో పరిచారు. పరిచింది నమ్మించడానికి. నమ్మకం కోసం చేసిన పనే వాళ్ళను ముంచింది.

"అంటే గ్రూపుల ఉన్నోడే," అన్నాడు కరుణాకర్. మాటలో పదును కొంత తగ్గింది. "కొండల్, నువ్వు టికెట్ పెట్టిన మెసేజ్ మీద వేలు పెట్టి పట్టుకో. ఇన్ఫో అని వస్తది. ఎవరెవరు చూసిండ్రో పేర్లుంటయ్. చదువు."

కొండల్ చదవసాగాడు. ప్రతి పేరుకూ ఎవరో, ఏ ఊరో చెబుతున్నాడు. ఒక పేరు దగ్గర ఆగాడు. ఫోన్ కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు.

"ఏమైంది?"

"అన్న చూసిండు సార్."

"ఏ అన్న?"

"మా అన్న. పరశురాములు."

లోపలి గదిలో గిన్నె కింద పెట్టిన చప్పుడైంది. బాలవ్వ గడప దగ్గరికి వచ్చి నిలబడింది. పత్తి ఏరి ఏరి పగిలిన వేళ్ళతో చీర కొంగు పట్టుకుంది.

పరశురాములు మస్కట్‌లో మేస్త్రీ. పదమూడు నెలల కింద పని చేస్తూ పైనుంచి పడి చనిపోయాడు. పెట్టెలో వచ్చాడు. అతని ఫోన్ బట్టల సంచిలో వచ్చింది.

"గ్రూపుల నుంచి తీసెయ్యలేదా?" అడిగాడు కరుణాకర్.

"ఎవరు తీస్తరు సార్?" అన్నాడు కొండల్. "సచ్చిపోయినోన్ని బయటికి వెళ్ళగొట్టినట్టుంటది. ఎవ్వరికి చెయ్యి రాలే."

"ఫోన్ ఇంక నడుస్తున్నదా?"

బాలవ్వ లోపలికి పోయి, దేవుడి అరలో నుంచి గుడ్డ చుట్టిన ఫోన్ తెచ్చింది. చేతికివ్వలేదు, చూపించింది.

"నెల నెల నేనే పైసలేపిస్త. పొద్దుమీకినంక ఒక్కపారి తెరుస్త. గుండ్రంది ఒత్తుమని చిన్నోడు నేర్పిండు. ఒత్తితే పెద్దోడు మాట్లాడ్తడు. ఇంక ఏం తెల్వది నాకు."

ఆమె ఒత్తింది. ఆ గుడ్డలో నుంచి ఒక మగగొంతు పలికింది. వెనక ఏదో మిషను చప్పుడు.

"తమ్మీ, అవ్వకు ఇనిపియ్యి. అవ్వా, తిన్నవా? నేను తిన్న. ఫికర్ చెయ్యకు."

 మార్కెట్లో ఎంతోమందిని నిలదీసిన సదానందం పెట్టె మీద తాడు ముడి వైపు చూశాడు. అడగాల్సిన ప్రశ్న ఉంది, అడగక తప్పదు.

"అవ్వా, మొన్న శనారం పగటీలి ఈ ఫోన్ నువ్వు తెరిచినవా?"

"శనారం పత్తి ఏరవోయిన బిడ్డా. ఫోన్ అర్రల ఉన్నది. చిన్నోడు నా ఎంబడే ఉన్నడు."

కొండల్ పెట్టిన ఫోటోను పరశురాములు చూసింది శనివారం పగలు రెండు దాటాక. ఆ వేళ ఫోన్ గుడ్డలో ఉంది. మనుషులు చేన్లో ఉన్నారు.

కరుణాకర్ చెయ్యి చాచాడు. పోలీసు చాచినట్టు చాచలేదు. బాలవ్వ కొడుకు ముఖం చూసి, ఫోన్ ఇచ్చింది. అతను రెండు మూడు చోట్ల నొక్కి, తెర సదానందం వైపు తిప్పాడు.

"చూడుండ్రి. ఈ వాట్సాప్ ఇంకొక కంప్యూటర్ల గుడ తెరిచి ఉన్నది. గీ ఫోన్‌కు వచ్చేదంతా ఆడ కనబడ్తది. ఆడ చూస్తే ఈయన చూసినట్టే లెక్క. చివరిసారి వాడింది..." అతను గడియారం చూసుకున్నాడు. "పావుగంట కింద."

"ఎన్ని దినాలైనా గట్లనే ఉంటదా?"

"ఉండదు. ఫోన్‌ను పద్నాలుగు రోజులు తెరవకుంట పెడితే దానంతటదే తెగిపోతది." అతను గొంతు తగ్గించాడు. "కానీ రోజూ తెరుస్తున్నరు."

గొంతు తగ్గించినా బాలవ్వకు వినపడింది. అర్థం చేసుకోవడానికి ఆమెకు కొంచెం సేపు పట్టింది.

"అంటే... నేను పెద్దోని మాట ఇనుడుతోటి దొంగకు తొవ్వయిందా సారూ?"

సదానందం దగ్గర జవాబు ఉంది. అవును అని. ఒక్క మాట, మూడు అక్షరాల సరుకు. అంత బరువైన సరుకు అతను ఏనాడూ ఎత్తలేదు. ఎత్తకుండానే బయటికి నడిచాడు.

వీధి మలుపులో రెండు కర్రలకు కట్టిన ఫ్లెక్సీ ఉంది. వచ్చేటప్పుడు దాని కిందే బండి ఆపాడు. ప్రథమ వర్ధంతి. నల్ల కళ్ళద్దాల పరశురాములు, సముద్రం ముందు పరశురాములు, హెల్మెట్ పెట్టుకున్న పరశురాములు. ఎండకు రంగు వెలిసినా ముఖం తేటగా ఉంది. సదానందం కింది అంచు చూశాడు. ఎడమ నుంచి కుడికి, మళ్ళీ కుడి నుంచి ఎడమకు. వెనకే వచ్చిన కొండల్‌ను అడిగాడు.

"ఈ ఫోటోలు ఏడియి?"

"అన్న ఫోన్లయే సార్."

"దుకానపోనికి ఎట్లిచ్చినవ్?"

"కంప్యూటర్ మీద గళ్లగళ్ల బొమ్మ వచ్చింది. దానికి ఫోన్ చూపియ్యిమన్నడు. అన్ని ఫ్లెక్సీ దుకాన్లల్ల గంతే గద సార్. చూపించిన. ఫోటోలు ఆయనే తీసుకున్నడు."

"తర్వాత బంద్ చేయించినవా?"

"లేదు సార్." 

"దుకాన్ పేరేంది? ఫ్లెక్సీ కొట్టినోడు కిందికి తన పేరు, ఫోన్ నంబరు వేసుకోకుంట ఇడువడు. ఊరూరికి ఫుకట్ అడ్వర్టైజు అది. దీని మీద లేదు."

"ఆదిలాబాద్‌ల కొత్తగ పెట్టిండ్రు సార్. బోర్డు గుడ లేదు. గల్ఫ్‌ల సచ్చిపోయినోళ్లకు పైసలు తీసుకోరని ఎవరో చెప్తే పోయిన. నిజంగనే ఒక్క పైస తీసుకోలే. మంచోడు సార్. అన్న ఫోటో చూసి ఏడ్చిండు గుడ. ఫోన్ బంద్ పెట్టకుండ్రి, యాదికుంటది అన్నడు. ఇప్పుడు దుకాన్ లేదు."

సదానందం మనసులో లెక్క వేసుకున్నాడు.  సరుకు ఊరికే ఇచ్చి, పేరు దాచుకుని, పైగా ఏడ్చిన దుకాణదారు. అతను ఫ్లెక్సీలు అమ్మడం లేదు, కొంటున్నాడు. చనిపోయినవాళ్ళ ఫోన్లు కొంటున్నాడు. బతికున్నవాడి ఫోన్‌లో దూరితే వాడికి ఎప్పుడో ఒకప్పుడు అనుమానం వస్తుంది. చనిపోయినవాడికి అనుమానం రాదు. ఏ గ్రూపు నుంచీ వాణ్ణి ఎవరూ తీసెయ్యరు. ఏ ఇంట్లోనూ ఆ ఫోన్ ఆరనివ్వరు.

"ఎంతమందికి కొట్టిండో చెప్పిండా?"

"నలబై దాటినయన్నడు. పెద్దపల్లి, మందమర్రి దిక్కు నుంచి గుడ వస్తున్నరన్నడు."

నలభై ఫ్లెక్సీలు. నలభై ఫోన్లు. నలభై గ్రూపుల్లో పరుస్తున్న టికెట్లు. కొండల్ తలెత్తి ఫ్లెక్సీ మీది అన్నను ఒకసారి చూసి ఇంట్లోకి వెళ్ళిపోయాడు. సదానందం వసారాలో ఉన్న కరుణాకర్‌ను పక్కకు పిలిచి అంతా చెప్పాడు.

ఎస్సై మధ్యలో ఒక్కసారీ అడ్డు రాలేదు. చివర్లో మాత్రం, "జలాలుద్దీన్ విషయంల నేను తొందరపడ్డ," అన్నాడు. వెంటనే, "ఇప్పుడే ఆ కంప్యూటర్‌ను తెంపేస్త," అన్నాడు.

"వద్దు సార్! తెంపితే వాడు మాయమైతడు. దొంగ టికెట్ ఒకటి తయారుజేసి గ్రూపుల పెడ్దాం. నా పేరు మీద పెట్టుండ్రి. వాడు నాకు మెయిల్ పంపుతడు. ఆ తోక పట్టుకుందాం."

"ఎన్ని గంటలు పడ్తది?"

"తెల్లారేవరకు ఆగుండ్రి."

"గీ గ్రూపులనే పొద్దున ఇద్దరు టికెట్లు పెట్టిండ్రు. నేను చూసిన. ఈ రాత్రి వాళ్లకు మెయిల్ వస్తది. వాళ్లు నొక్కుతరు. మీ ఎరకు వాళ్లను బలిపెట్టాల్నా?"

"వాళ్లకు ఫోన్ జేసి చెప్దాం."

"మిగిలిన ముప్పైతొమ్మిది గ్రూపులోళ్లకు? వాళ్లెవరో మీకు తెలుసా? నాకు తెలుసా?"

"తెల్వదు. అందుకే తెంపద్దంటున్న. వాడొక్కడు దొరికితే నలబై తెగుతయ్."

"దొరకకుంటే?"

 కరుణాకర్ చెప్పింది నిజం, సదానందం చెప్పిందీ నిజం. రెండు వైపులా సరి తూగిన తక్కెడ ముందు వర్తకుడు చేసేదేమీ లేదు. ఇందులో ఏ దారి పట్టినా కొండల్‌కు సీటు రాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ దాని జోలికి పోలేదు.

"ఫోన్ ఏది?" అన్నాడు సదానందం.

"అవ్వ ఒక్కపారి ఇని ఇస్తనన్నది. ఇచ్చిన. ఎట్లైనా సీజ్ చెయ్యాలె గద, ఇంకెప్పుడు వింటది పాపం."

"కొండల్ గీ సంగతి ఎవరికన్న చెప్పిండా? మనమొచ్చిన సంగతి?"

కరుణాకర్ ముఖం మారింది. "పొద్దున గ్రూపుల రాసిండు. డిటెక్టివ్ సార్ వస్తుండు, మన టికెట్ల సంగతి తేలుతది అని. సంబురానికి రాసి ఉంటడు."

గ్రూపులో. పరశురాములు కూడా చదివే గ్రూపులో.

ఇంటి వెనక మోటార్ సైకిల్ లేచిన చప్పుడు వినపడింది. ఇద్దరూ పరుగెత్తారు. పెరట్లో దుమ్ము మాత్రమే ఉంది. కరుణాకర్ డ్రైవర్‌ను కేకేస్తూ జీపు వైపు పరుగు తీశాడు. సదానందం ఇంట్లోకి వెళ్ళాడు. బాలవ్వ నేల మీద కూర్చుని ఉంది. ఒడిలో ఫోన్ చుట్టిన గుడ్డ ఉంది, ఫోన్ లేదు.

"కొండల్ ఏడి అవ్వా?"

ఆమె పక్కనున్న ఇంకో ఫోన్ తీసి అందించింది. కొండల్ ఫోన్. "ఇది మీకియ్యిమన్నడు."

తెర ఇంకా వెలుగుతూనే ఉంది. పైన పేరు 'అన్న' అని, పక్కన నల్ల కళ్ళద్దాల ఫోటో. కింద అప్పుడే వచ్చిన నాలుగు మాటలు.

తమ్మీ, అవ్వకు ఇనిపియ్యి. నీ సీటు నా దగ్గరనే ఉన్నది, రేపు పొద్దుగాల నువ్వు పోతవ్. నా ఫోన్ సార్లకు ఇయ్యకుంట పట్టుకొని రా, ఫ్లెక్సీ కొట్టించిన కాడికి. నీ ఫోన్ ఇంట్లనే ఇడిచిపెట్టు.

సదానందం రెండుసార్లు చదివాడు. కొండల్ బతుకుకు ఈ రోజు బేరం పెట్టినవాడు ఒక్కడే ఉన్నాడు. విమానం కంపెనీ పాట వినిపించింది. పోలీసులు ఫోన్ అడిగారు. తను దొంగ టికెట్ ఎర వేద్దామన్నాడు. సీటు ఇస్తానన్నది మాత్రం దొంగ ఒక్కడే. చేతిలో ఒక్క రోజే మిగిలినవాడు ఇంకెవరి దగ్గరికి పోతాడు?

"అది మీ పెద్దోడు రాసింది గాదని చిన్నోనికి తెలుసు గదవ్వా? నువ్వు ఆపద్దా?"

బాలవ్వ ఖాళీ గుడ్డను మడత పెట్టింది. మళ్ళీ విప్పింది.

"చిన్నోడు నాకు చదివి ఇనిపిచ్చిండు సారూ," అంది. "అన్న పిలిచిండని పోయిండు. ఎట్ల ఆపాలె?"